లోపలి కంప్యూటర్ వేలం

లాకులపేట కాలువల డివిజన్ ఆఫీసులో సూపరింటెండెంట్ పుండరీకాక్షుడికి కంప్యూటర్లు బాగా తెలుసునని పేరు. ఆ పేరు ఆయన కష్టపడి సంపాదించిందేమీ కాదు. ఒకసారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ గారి గదిలో ప్రింటర్ మొరాయిస్తే ఏం చెయ్యాలో తోచక, తీగ పీకి మళ్లీ గుచ్చాడు. అది గుర్రుమని లేచి రెండు కాగితాలు కక్కింది. అప్పటినుంచి ఎవరి తెర ఆరిపోయినా ఆయనకే కబురు. ఆయన వచ్చి, కళ్లజోడు పైకి నెట్టుకుని, నాడి చూసే వైద్యుడిలా తెర వంక కాసేపు చూసి, తీగ పీకి గుచ్చేవాడు. చాలాసార్లు బాగయ్యేది. కానప్పుడు "సర్వర్ సమస్య" అనేవాడు. సర్వర్ అంటే ఏమిటో తనకు తెలియదని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియకపోవడమే తన గౌరవానికి రక్ష అని కూడా తెలుసు.

ఆ ఆఫీసు మూలగదిలో ఓ ముసలి కంప్యూటర్ ఉండేది. అది చేసే పని ఒక్కటే, నీటి వంతులు కట్టడం. ఏటా రెండోసారి వేసే దాళ్వా పంటకి కాలువ నీళ్లు అన్ని చేలకీ ఒకేసారి చాలవు. చేలకు నీళ్లు మోసే పిల్లకాలువల్లో ఏ బోదెకు ఎన్నడు వదలాలో వంతులు వెయ్యాలి. వెనకటికి ఆ పని మనుషులే చేసేవారు. మా వంతు పక్కూరికి అమ్ముకున్నారంటే మా వంతు అమ్ముకున్నారని గొడవై, లాకుల దగ్గర కర్రలు లేచి, తలలు పగిలాక పైనుంచి ఉత్తర్వు దిగింది: "ఇకమీదట కంప్యూటర్ ముద్రించిన వంతు చీటీ లేనిదే ఏ తూము తలుపునూ ఎత్తరాదు." ఎవరో ఇంజనీరు ఓ ప్రోగ్రాం రాసిపెట్టి బదిలీ మీద వెళ్లిపోయాడు. చీటీలు వస్తున్నాయి, తలుపులు లేస్తున్నాయి, తలలు నిలుస్తున్నాయి.

ఈ ఏడు దాళ్వా నాట్లు పడి, చేలు పచ్చబడ్డాక, ముసలి కంప్యూటర్ ఒకనాటి పొద్దున ఉస్సురని పొగ వదిలి ఊరుకుంది. తీగ పీకి గుచ్చితే మళ్లీ పొగే వచ్చింది. ఆఫీసులో కొత్త కంప్యూటర్లకేం కొదవ లేదు. ముసలిదాని లోపలి డిస్కు బతికే ఉండడంతో, ప్రోగ్రాం తీసి కొత్తదాంట్లో పెట్టారు. "ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్లో నడవదు" అని అది ముక్తసరిగా చెప్పేసింది.

చీటీ లేదు గనక తూము కాసే లస్కరు తలుపెత్తలేదు. తలుపు లేవలేదు గనక కాలువ నిండుగా, ఠీవిగా, ఎవరి చేనూ తడపకుండా పోయి సముద్రంలో కలుస్తోంది.

శివారు బోదె కింద కౌలుకు చేస్తున్న మంగాయమ్మ ఆఫీసుకు వచ్చి పుండరీకాక్షుడి బల్ల ముందు నిలబడింది.

"కాలవ నిండా నీళ్లున్నాయి కదండీ. లస్కరు తలుపెత్తనంటాడేటండీ?"

"చీటీ రాలేదమ్మా."

"సీటీ ఎవరిత్తారండీ?"

"కంప్యూటర్."

"అదెక్కడుందో సెప్పండి, నేనెళ్లి కాళ్లట్టుకుంటాను."

"అది పోయిందమ్మా."

"అయ్యో!" అంది మంగాయమ్మ, చావు కబురు విన్నట్టు. "ఎప్పుడండీ?" ఆ వెంటనే తేరుకుని, "పోయినోళ్ల మాటకేం గానండీ, నా సేను పొట్ట మీదుందండి. ఇప్పుడు తడి తగలకపోతే గింజ పాలు పోసుకోదు. ఉన్నోళ్లెవరో సూడండి మరి" అంది.

ఉన్నవాడు తానే గనక పుండరీకాక్షుడు గొడుగు తీసుకుని బజారులో జోసెఫ్ రత్నం కంప్యూటర్ల కొట్టుకి వెళ్లాడు. జోసెఫ్ రత్నం విషయమంతా విని నవ్వాడు.

"దీనికి వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ అని ఉంటదండి. కొత్త కంప్యూటర్ లోపల ఓ ఉత్తుత్తి పాత కంప్యూటర్ని కడతది. మీ ప్రోగ్రాం అందులో పెడితే, అది తన పాత ఇంట్లోనే ఉన్నాననుకుని బుద్ధిగా పని చేసుకుపోతది. నిజానికి అక్కడ ఏ కంప్యూటరూ ఉండదండి. ఉన్నదల్లా ఓ పెద్ద ఫైలు."

పుండరీకాక్షుడికి సగం అర్థమైంది. అర్థం కాని సగాన్ని దారిలో తానే అలంకరించుకున్నాడు. మాటలు పోగెయ్యడంలో ఆయనకు కొంచెం మోజు ఉంది. చిన్నప్పుడు వ్యాసరచనలో బహుమతి వచ్చిన మనిషి.

మర్నాడు ఈఈ ఉమామహేశ్వర ప్రసాద్ గారి గదిలో సమావేశం. ఈఈ గారు తల ఎత్తకుండా, "చెప్పండి, పరిష్కారమేమిటి?" అన్నారు.

పుండరీకాక్షుడు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "సర్, కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్!" అన్నాడు.

ఈఈ గారు తల ఎత్తారు. గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అకౌంట్స్ ఆఫీసర్ త్రిపురసుందరి గారు సైతం పెన్ను కింద పెట్టారు. ఆ నిమిషం తన ఛాతీ ఎంత ఉబ్బిందో తరవాత రోజుల్లో తలుచుకున్నప్పుడల్లా పుండరీకాక్షుడికి తన నోటికి తాళం వేసుకోవాలనిపించేది.

అక్కడికక్కడే "వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఎంపిక సంఘం" ఏర్పాటైంది. ఈఈ గారు అధ్యక్షులు, త్రిపురసుందరి గారు సభ్యురాలు, పుండరీకాక్షుడు కన్వీనరు. జోసెఫ్ రత్నం మూడు సాఫ్ట్‌వేర్ల వివరాలు పంపాడు.

మొదటిది అన్నిటికన్నా తేలిగ్గా పనిచేస్తుంది. పైగా ఉచితం.

"ఉచితమంటే ధర ఎంత?" అన్నారు త్రిపురసుందరి గారు.

"సున్నా అండీ."

"సున్నా ధర కోట్ చేసిన టెండరును పరిగణించుటకు వీలుపడదు. ధరలో ఇంత శాతం ధరావతు కట్టించుకోవలెను. సున్నాలో శాతం సున్నా. ధరావతు లేని టెండరు తిరస్కరణకు అర్హమైనది."

రెండోదాని పుస్తకం ఈఈ గారే స్వయంగా తిరగేశారు. అందులో బయటి కంప్యూటర్‌ను "ఆతిథేయి" అనీ లోపలిదాన్ని "అతిథి" అనీ రాసి ఉంది. ఈఈ గారి కనుబొమలు ముడిపడ్డాయి.

"అతిథి అంటున్నాడు. మన శాఖ అతిథిగృహంలో ఎవరైనా సరే మూడు రోజులకు మించి ఉండరాదు. ఆపైన ఉండాలంటే చీఫ్ ఇంజనీరు గారి అనుమతి కావాలి. ఈ కంప్యూటర్ దాళ్వా అయ్యేదాకా ఉంటుందా?"

"ఉండాలండీ."

"అంతకాలం ఉండేవాణ్ణి అతిథి అనరు పుండరీకాక్షుడు గారూ, ఆక్రమణదారు అంటారు."

మూడోదాని కరపత్రం నునుపుగా, బరువుగా, రంగుల బొమ్మలతో ఉంది. అది పాత ప్రోగ్రాములను నడపదని చివరిపేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. పుండరీకాక్షుడు చివరిపేజీ దాకా వెళ్లలేదు. కరపత్రం బరువు చూసి గట్టిగా సిఫారసు చేశాడు. జోసెఫ్ రత్నం ఫోన్లో తల బాదుకుని, "సార్, అన్నిటినీ నడిపేది ఒక్కటే, ఆ ఉచితందే" అన్నాక, ఏమీ ఎరగనట్టు తన సిఫారసు తానే వెనక్కి తీసుకున్నాడు.

"పోనీ ఒక్క రూపాయి వేసుకోవయ్యా రత్నం!" అని బతిమాలాడు.

"ఉచితంగా దొరికేదానికి రూపాయి ఎలా పుచ్చుకుంటానండీ? పాపం కదండీ?"

"పుచ్చుకోకపోతే అంతకన్నా పాపం. చేలు పొట్ట మీదున్నాయి."

జోసెఫ్ రత్నం రూపాయి కోట్ చేశాడు. పైసల్లో ధరావతు కట్టాడు. ఈలోగా మంగాయమ్మ రెండుసార్లు వచ్చి వెళ్లింది.

సాఫ్ట్‌వేర్ పెట్టిన పూట పుండరీకాక్షుడికి కళ్లు చెమర్చినంత పనైంది. కొత్త కంప్యూటర్ తెర మీద ఓ చిన్న కిటికీ తెరుచుకుని, అందులో పాత కంప్యూటర్ పాత నీలిరంగుతో, పాత గీతలతో యథాతథంగా లేచి కూర్చుంది. వంతుల ప్రోగ్రాం "నమస్కారం" అంది. పుండరీకాక్షుడు ప్రింటర్లో కాగితం పెట్టాడు. అప్పుడు వెనకనుంచి గొంతు వినిపించింది.

"పుండరీకాక్షుడు గారూ, ఈ లోపలి కంప్యూటర్ స్టాకు రిజిస్టరులో ఎక్కిందా?" అన్నారు త్రిపురసుందరి గారు.

"ఇది... నిజంగా కంప్యూటర్ కాదండీ."

"మీరే కదా సంఘానికి నివేదించారు, కంప్యూటర్ కడుపులో కంప్యూటర్ అని? మినిట్సులో ఉంది. కార్యాలయంలోని ప్రతి కంప్యూటరూ స్టాకులో ఎక్కవలెను, సంఖ్య అతికించవలెను. స్టాకులో లేనిదానితో ముద్రించిన చీటీ చెల్లదు."

అతికించడానికి లోపలి కంప్యూటర్‌కు ఒళ్లేదీ? చర్చించి చర్చించి, సంఖ్య రాసిన చీటీని తెర అద్దం మీద, సరిగ్గా ఆ కిటికీ కనపడేచోట అతికించారు. ఇప్పుడు కిటికీలో ఏముందో ఎవరికీ కనపడదు. కిటికీని పక్కకు జరపొచ్చు గానీ, జరిపితే సంఖ్య వేరే కంప్యూటర్‌ది అయిపోతుంది.

ఆపైన పనులు చకచకా సాగాయి. లాకులపేట ఆఫీసు చరిత్రలో అంత చకచకా ఏ పనీ సాగలేదు. ప్రతి కంప్యూటర్‌కూ ఓ బల్ల, ఓ కుర్చీ అని నిబంధన ఉంది గనక లోపలి కంప్యూటర్‌కు బల్లా కుర్చీ మంజూరయ్యాయి. బల్లకు గది కావాలి గనక పాత కాగితాల గది ఖాళీ చేయించి, తలుపు మీద "లోపలి కంప్యూటర్" అని బోర్డు పెట్టారు. అదనపు కంప్యూటర్ కరెంటు లోడు ఎంతని విద్యుత్ విభాగం అడిగితే పుండరీకాక్షుడు "సున్నా" అని రాశాడు. మీటరు లేకుండా కరెంటు వాడుకుంటున్నట్టుందని వాళ్లు తనిఖీకి వచ్చారు. ఆపరేటర్ కావాలని పైకి రాస్తే, బయటి కంప్యూటర్ ఆపరేటర్ లోపలి కంప్యూటర్‌ను తాకరాదని స్పష్టత వచ్చింది. లోపలి ఆపరేటర్ వచ్చేదాకా ఎవరూ తాకకుండా ఉండడం క్షేమమని ఈఈ గారు ఆదేశించారు.

గది ప్రారంభోత్సవానికి ఈఈ గారు ఖాళీ బల్ల ముందు కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారు. కళ్లకద్దుకున్నవాళ్లలో పుండరీకాక్షుడు కూడా ఉన్నాడు. నేనిక్కడ దేనికి దణ్ణం పెడుతున్నానని లోపల అనుకున్నాడు గానీ, చేతులు వాటంతటవే లేచాయి. ఉద్యోగంలో చేరిననాటి నుంచి చేతులకు అదే అలవాటు.

గుమ్మం దగ్గర మంగాయమ్మ నిలబడి ఉంది. ఆమె చేతిలో ఓ వరి దుబ్బు. ఆకులు చివర పండి, చుట్టుకుపోయాయి.

"కొత్త కంప్యూటరొచ్చిందంటండీ? ఈ గదిలోనేనా?" అని లోపలికి తొంగిచూసింది. బల్ల, కుర్చీ, కొబ్బరి చిప్పలు. "ఏదండీ?"

"కనపడదమ్మా."

మంగాయమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. దుబ్బు తెచ్చి ఆయన బల్ల మీద, కాగితాల పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం పుండరీకాక్షుడు అన్నం సరిగా తినలేదు. కంప్యూటర్ అనకుండా, జోసెఫ్ రత్నం చెప్పినట్టు ఫైలు అని ఊరుకుని ఉంటే బాగుండేది కదా అనుకున్నాడు. మళ్లీ ఆలోచిస్తే, అదీ ప్రమాదమే. ఫైలంటే బల్ల బల్లకీ తిరగాలి. ఈపాటికి మూడో బల్ల మీద ఉండేది.

ఆ వారమే అసలు ఉపద్రవం వచ్చింది. స్టాకు రిజిస్టరులో "తయారైన సంవత్సరం" అని ఓ గడి ఉంది. అది నింపడానికి సంఖ్య చీటీ అంచు ఎత్తి, లోపలి కంప్యూటర్ తెర చూశారు. దాని మీద దాని కాలం నాటి సంవత్సరం వేసి ఉంది. త్రిపురసుందరి గారు వేళ్లు మడిచి లెక్కపెట్టి, కుర్చీలో వెనక్కి వాలారు.

"ఇది ఎంత పాతదో చూశారా? ఏడేళ్లు దాటిన కంప్యూటర్ వాడకానికి పనికిరాదు. పనికిరానిదిగా ప్రకటించి, వేలం వేయవలెను."

"అమ్మా, మొన్ననే కదండీ పెట్టాం! పాతగా ఉండడమే దాని పని!" అన్నాడు పుండరీకాక్షుడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పైఅధికారి ముందు లేచింది.

"ఆవేశపడకండి. నిబంధనకు వయసే తెలుసు, దాని పనితో నిమిత్తం లేదు. ఆ మాటకొస్తే మీరూ నేనూ కూడా అంతే. అరవై దాటితే పని చూసి ఉంచుకుంటారా?"

పుండరీకాక్షుడు వేలం ప్రకటన రాయడానికి కాగితం తీసుకున్నాడు.

వేలం ప్రకటన వేశారు: "పాత కంప్యూటర్ ఒకటి, ఉన్నచోట ఉన్నట్టుగా." పాడినవాడు ఒక్కడే. పాత ఇనప సామాను కొట్టు పోలినాయుడు. పాట కొట్టేశాక అతను తోపుడుబండి తీసుకుని వచ్చాడు.

"సరుకేదండీ?"

పుండరీకాక్షుడు గది చూపించాడు. పోలినాయుడు బల్ల కిందా మీదా చూసి, "బల్లెత్తమంటారా?" అన్నాడు.

"బల్ల ప్రభుత్వానిది. ఆగు, నీ సరుకు తెప్పిస్తున్నా." జోసెఫ్ రత్నం వచ్చి, లోపలి కంప్యూటర్ ఫైలునంతటినీ ఓ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆఫీసు కంప్యూటర్లోంచి చెరిపేశాడు. త్రిపురసుందరి గారు "సరుకు ముట్టినది" అని సంతకం చేయించుకున్నారు.

పోలినాయుడు ఆ బొటనవేలంత వస్తువును అరచేతిలో తిప్పి చూశాడు. బండి మీది తక్కెడలో వేశాడు. ముల్లు కదల్లేదు.

"సరుకు తూగట్లేదండీ బాబూ! రాగి ఉంటది, ఇనుముంటదని పాడాను. గవర్మెంటోళ్లు మోసం చేత్తే ఎవరికి సెప్పుకోవాలండీ?"

"మోసం కాదు నాయుడూ. కంప్యూటర్ దాంట్లోనే ఉంది."

"ఉంటే ఏం చేత్తదండీ ఇది?"

"నీళ్లిస్తుంది. శివారు చేలకి."

పోలినాయుడు దాన్ని తక్కెడలోంచి తీశాడు. "మరైతే ఇన్నాళ్లూ దీన్నట్టుకుని మీరేం చేత్తన్నారండీ?"

అడిగినవాడికి వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పుండరీకాక్షుడు ఆఫీసు గోడల వంక చూశాడు. ఏం చేస్తున్నాం? సంఘం వేశాం, సంఖ్య అతికించాం, హారతిచ్చాం. ఆయనకు నవ్వొచ్చింది. అప్పుడు ఆ పాత ఉత్తర్వు ఆయనకు మనసులో మెదిలింది. "కంప్యూటర్ ముద్రించిన చీటీ" అని ఉంది. ఎవరి కంప్యూటర్ అని లేదు. ఇన్నేళ్లూ నిబంధనల్లో ఏముందో వెతికి బతికినవాడు, ఏం లేదో చూడడం అదే మొదలు.

"నాయుడూ, మీ కొట్లో కంప్యూటర్ ఉందా?"

"లెక్కలకి ఉందండి. మా కోడలు కొడతది."

విరిగిన సైకిళ్లూ, ఫ్యాన్ రెక్కలూ, బాయిలరు రేకులూ గుట్టలుగా పడి ఉన్న ఆ కొట్లో, తుప్పు వాసన మధ్య, పుండరీకాక్షుడు పీట మీద కూర్చున్నాడు. జోసెఫ్ రత్నం ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే పెట్టాడు. పెన్ డ్రైవ్ గుచ్చగానే నీలిరంగు కిటికీ తెరుచుకుంది. ఇక్కడ దానికి సంఖ్య లేదు, గది లేదు, వయసు అడిగేవాడు లేడు. చీటీలు ఒకటి తరవాత ఒకటి వచ్చాయి. పుండరీకాక్షుడు ఒక్కొక్కదాని మీదా సంతకం చేసి, శివారు బోదె చీటీ పట్టుకుని స్వయంగా లాకుల దగ్గరికి వెళ్లాడు.

లస్కరు చీటీని అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు. "కంప్యూటర్దేనాండీ?"

"కంప్యూటర్దే."

లస్కరు తలుపెత్తాడు.

అది తెలిసి ఆఫీసులో రెండు పనులు జరిగాయి. నీటి వంతులను బయటి సంస్థకు అప్పగించి విజయం సాధించిన తొలి డివిజన్ తమదేనని ఈఈ గారు పైకి నివేదిక పంపి, పుండరీకాక్షుడికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ప్రభుత్వ చీటీలను ప్రైవేటు ఇనప కొట్టులో ఏల ముద్రించవలసి వచ్చినదో వారం లోపు సంజాయిషీ ఇవ్వవలెనని త్రిపురసుందరి గారు మెమో ఇచ్చారు. రెండూ ఒకే తపాలాలో వచ్చాయి. ఆయన రెండిటికీ "ముట్టినది" అని ఒకే కలంతో సంతకం పెట్టాడు.

ఆదివారంనాడు పుండరీకాక్షుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని శివారు పొలాలకు బయల్దేరాడు. ఎందుకని భార్య అడిగితే "తనిఖీ" అన్నాడు. నిజానికి కృతజ్ఞతలు అందుకోవడానికి వెళుతున్నాడు. మంగాయమ్మ చేతులు జోడిస్తే ఏమనాలో బస్సులోనే సిద్ధం చేసుకున్నాడు: "నాదేముందమ్మా, నా ధర్మం నేను చేశాను." మొదటి ముక్క దగ్గర తల కొంచెం వంచాలని కూడా అనుకున్నాడు.

గట్టు దిగేసరికి మంగాయమ్మ చీర ఎగదోపుకుని బోదె అంచున వంగి ఉంది. అలికిడికి తల తిప్పింది.

"ఆఫీసోరా! అలా నిలబడ్డారేటండీ? ఎలక బొరియ తెగి గండి పడిందండి, నీరంతా పక్క సేలోకి పోతంది. ఆ పారిలా ఇవ్వండి. ఇవ్వడం కాదు, మీరే ఓ రెండు పార్లు మట్టెయ్యండి, నేనీపక్క తొక్కుతాను."

పుండరీకాక్షుడు చెప్పులు విడిచాడు. ప్యాంటు పైకి మడిచాడు. కాలువల శాఖలో ముప్ఫయ్యేళ్లకు పైగా పనిచేసిన మనిషి, కాలువ నీళ్లలో కాలు పెట్టడం అదే మొదటిసారి. చల్లగా ఉంది. పార ఎత్తితే అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. వేసిన మట్టి వేసినట్టే కరిగి, నీళ్లతో పాటు వెళ్లిపోయింది.

"చేను మొత్తం దక్కిందా అమ్మా?" అన్నాడు ఆయాసపడుతూ.

మంగాయమ్మ గడ్డం ఎత్తి చూపించింది. ఈపక్క చేను తలెత్తి ఉంది. ఆ చివర ఓ సగం, ఎండుగడ్డి రంగులో నిలబడి ఉంది.

"అదంతా తాలేనండి. ఓ పది రోజులు ముందొచ్చుంటే దక్కునండి" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన రాలేదని చెప్పినట్టు చెప్పింది.

బస్సులో సిద్ధం చేసుకున్న వాక్యం ఆయన నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వంగి మరో పార మట్టి తీసి గండిలో వేశాడు.

"అలా కాదండీ, గడ్డి దుబ్బుతో సహా తియ్యాలి. మట్టొక్కటీ నిలవదు" అంటూ మంగాయమ్మ నవ్వింది.

ఆయన గడ్డి దుబ్బుతో సహా తీసి వేశాడు. చొక్కా మీద బురద చిందింది. నీళ్లు దుబ్బు చుట్టూ తిరిగి, దారి వెతుక్కుని, వెనక్కి మళ్లి, నెమ్మదిగా ఆమె చేలోకి పారడం మొదలెట్టాయి.